మెదడు కణితులు - అయోడిన్ సమ్మేళనాలు

మెదడు కణితులను గుర్తించుటకును, వాటికి చికిత్స చేయుటకును అయోడిన్ సమ్మేళనాలు ఎంతవరకు ఉపయోగపడునన్న విషయమై అనేక దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతున్నాయి. అయోడిన్ పరమాణు సంఖ్య 53. దీనిని 1811లో ఫ్రెంచి శాస్త్రవేత్త బెర్నార్డ్ కుర్తువా సముద్రపు నాచు బూడిద నుండి కనుగొన్నాడు. వ్యాధి నిర్ధారణలో అయోడిన్ స్థానం సుస్థిరమైనది. మెదడు కణితుల చికిత్సలో మాత్రం ఇది ఇంకను పరిశోధన దశను దాటలేదు.

వ్యాధి నిర్ధారణ

భారమైన పరమాణువు కావడం వల్ల అయోడిన్ ఎక్స్-కిరణాలను బాగా శోషిస్తుంది. అందుచేత అయోహెక్సాల్, అయోపమిడాల్ వంటి మందులను సి.టి. స్కాన్ సమయంలో సిరలోనికి ఎక్కిస్తారు. వీటిలో బెంజీన్ వలయానికి మూడు అయోడిన్ పరమాణువులు ఉంటాయి. ఆరోగ్యవంతమైన మెదడులో రక్తనాళాల గోడలు ఇటువంటి పదార్థాలను లోనికి పోనీయవు. దీనిని రక్త-మెదడు అవరోధం అంటారు. కణితి ఉన్నచోట ఈ అవరోధం తరచుగా దెబ్బతింటుంది. అప్పుడు మందు అక్కడికి చేరి, చిత్రంలో ఆ భాగం తెల్లగా కనబడుతుంది. 1971 అక్టోబరు 1న లండనులో తొలిసారిగా సి.టి. స్కాన్ తీసినది మెదడు కణితి ఉన్నదని అనుమానించిన రోగికే. నేడు మెదడు కణితులకు ఎం.ఆర్.ఐ. ప్రధాన పరీక్ష; అందులో గడోలినియం మందును వాడతారు. హైదరాబాదు కేంద్రంగా గల దివీస్ లేబొరేటరీస్ అయోడిన్ కాంట్రాస్ట్ మందులకు ముడి ఔషధాలను తయారుచేసే సంస్థలలో ఒకటి.

చికిత్సా పరిశోధనలు

* అయోడిన్-125: అర్ధ జీవితకాలం సుమారు 59 రోజులు. దీనిని నింపిన చిన్న గింజలను కణితిలో అమర్చేవారు. బయటి నుండి ఇచ్చే రేడియేషనుకు ఈ గింజలను జోడించినందువల్ల ప్రాణాంతక కణితులు గల రోగుల ఆయుర్దాయం చెప్పుకోదగినంత పెరగలేదని 1998, 2002 సంవత్సరాలలో ప్రచురితమైన పరీక్షలు తెలిపాయి.
* అయోడిన్-131: అర్ధ జీవితకాలం సుమారు 8 రోజులు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో దీనిని ఒక ప్రతిదేహానికి జోడించి, కణితిని తొలగించిన చోట ప్రవేశపెట్టారు. తేలు విషంలోని క్లోరోటాక్సిన్‌కు జోడించి చేసిన తొలిదశ పరీక్ష ఫలితాలు 2006లో వెలువడ్డాయి. ఇవి సాధారణ చికిత్సలుగా స్థిరపడలేదు. ఫినైల్‌ఎలనిన్ అనే అమైనో ఆమ్లానికి జోడించడం మరొక మార్గం. అమైనో ఆమ్లాలు అవరోధాన్ని సహజంగానే దాటగలవు. కణితి కణాలు వాటిని అధికంగా గ్రహిస్తాయి.

జాగ్రత్తలు

విడివడిన రేడియోధార్మిక అయోడిన్ థైరాయిడ్ గ్రంథికి చేరకుండా, ఇటువంటి చికిత్సలకు ముందు పొటాషియం అయోడైడ్ ఇస్తారు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, గతంలో కాంట్రాస్ట్ మందు పడనివారు స్కానుకు ముందే ఆ విషయం వైద్యునికి చెప్పాలి. అయోడిన్ ఉప్పు గాయిటరును నివారిస్తుందే గాని మెదడు కణితిని తగ్గించదు. టించరు అయోడిన్ పైపూతకు మాత్రమే. దానిని త్రాగడం ప్రమాదకరం.