మాత్ర నిదానం, బీపీ తొందర

"థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. ఉన్నట్టుండి ఒక్కోసారి బీపీ 170 దాటుతోంది. మాత్ర వల్లేనా?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఒక్క మాటలో తేలే ప్రశ్న కాదిది. అందుకే వదలబుద్ధి కాలేదు.

పరగడుపున మింగే మాత్రలో ఉండేది టీ4, అంటే థైరాక్సిన్. దీని అణువులో నాలుగు అయోడిన్లుంటాయి. శరీరం అందులో ఒకటి తీసేస్తే టీ3 అవుతుంది. అసలు పని చేసేది అదే.

ఈ సంగతి తెలియడానికి చాలా కాలం పట్టింది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ 1914 క్రిస్మస్ రోజున థైరాక్సిన్ స్ఫటికాలను వేరుచేశాడు. కానీ దాని నిర్మాణాన్ని తప్పుగా ఊహించి, మూడే అయోడిన్లున్నాయన్నాడు. నాలుగని 1926లో బ్రిటన్‌లో హారింగ్టన్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. తమాషా ఏమిటంటే, మూడు అయోడిన్ల హార్మోన్ కూడా నిజంగానే ఉంది! 1952లో గ్రాస్, పిట్-రివర్స్ అనే శాస్త్రవేత్తలు దాన్ని కనిపెట్టారు. థైరాయిడ్ పనిచేయని మనుషుల్లో కూడా టీ4 నుంచి టీ3 తయారవుతుందని 1970లో రుజువైంది.

ఇక నాకిష్టమైన భాగం: ఈ హార్మోన్ బీపీని ఎలా మారుస్తుందన్నది. టీ3 కణంలోకి వెళ్లి జన్యువుల మీద పనిచేస్తుంది. చిన్న ధమనుల గోడల్ని సడలిస్తుంది. దాంతో రక్తప్రవాహానికి అడ్డు తగ్గి, బీపీలో కింది అంకె దిగుతుంది. నాళాల్లో రక్తం చాలడం లేదనుకుని మూత్రపిండాలు రెనిన్ అనే పదార్థాన్ని వదిలి, ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి. రక్తం పరిమాణం పెరుగుతుంది. టీ3 ప్రభావంతో గుండె కూడా వేగంగా, బలంగా కొట్టుకుంటుంది. అందువల్ల హార్మోన్ ఎక్కువైతే పై అంకె ఎక్కుతుంది, కింది అంకె తగ్గవచ్చు. రెంటి మధ్య ఎడం పెరుగుతుంది. తక్కువైతే కథ తలకిందులు: నాళాలు బిగుసుకుని కింది అంకె పెరుగుతుంది. అలాంటివారికి సరైన మోతాదు మాత్ర బీపీని తగ్గించవచ్చు కూడా.

మరి హఠాత్తుగా ఎగబాకడం? టీ4 అర్ధాయువు, అంటే రక్తంలో అది సగానికి తగ్గడానికి పట్టే సమయం, సుమారు 7 రోజులు. ఇవాళ్టి మాత్ర రక్తంలో ఉన్న టీ4కి చెరువులో చెంబుడు నీళ్లలాంటిది. కాబట్టి గంటలో ఎగిరి గంటలో దిగే బీపీని దాని మీదకు నెట్టడం కష్టం. మోతాదు వారాల తరబడి ఎక్కువైతే మాత్రం గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమితో పాటు పై అంకె ఎక్కి అక్కడే ఉండవచ్చు. మాత్రలో నేరుగా టీ3 ఉంటే లెక్క మారుతుంది. దాని అర్ధాయువు ఒక్క రోజే, ప్రభావం గంటల్లోనే తెలుస్తుంది.

హఠాత్తు పెరుగుదలకు వేరే అనుమానితులున్నారు: జలుబు మాత్రలు, కొన్ని నొప్పి మాత్రలు, అతిమధురం, మరచిపోయిన బీపీ మాత్ర, నిండిన మూత్రాశయం, చేతికి బిగుతైన పట్టీ. అరుదుగా ఎడ్రినల్ గ్రంథి కణితి కూడా తలనొప్పి, చెమటలు, గుండెదడలతో ఇలా చేస్తుంది.

ఉపయోగం సంగతంటారా? మాత్రను సొంతంగా మానేయకండి. మోతాదు మారిన పది రోజులకే, అది సరిపోయిందో లేదో చూసే టీఎస్‌హెచ్ రక్తపరీక్షకు పరుగెత్తే అలవాటు నాకు చిరాకు. ఆరు వారాలైనా ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉంచాలి. 180/120 దాటి ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం వంటివి ఉంటే ఈ వ్యాసం పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి. మిగతా రోజుల్లో బీపీ రాసుకునేటప్పుడు పై అంకె ఒక్కటే కాదు, కింది అంకె, నాడి కూడా రాయండి. థైరాయిడ్ జోక్యం ఉందో లేదో డాక్టరుకు తెలిసేది ఆ మూడూ కలిపి చూసినప్పుడే.