నిలిపిన బండి - నిద్రపోని బ్యాటరీ

మా వెల్గటూరు, ధర్మపురి వైపు ఊళ్ళలో ఏ వాడకట్టుకు పోయినా కవరు కప్పి నిలిపిన కారో, మోటారు సైకిలో ఒకటైనా కనిపిస్తుంది. బండి గల మనిషి దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉంటాడు. రెండేండ్లకు ఒకసారి సెలవు మీద వచ్చి తాళం తిప్పితే టిక్కుమని చప్పుడే గాని ఇంజను కదలదు. ఇహ రైతుల సంగతి వేరే చెప్పాలా? యాసంగి వడ్లు కల్లం దాటినాక షెడ్డులో పెట్టిన ట్రాక్టరు తొలకరి పడ్డ నాడు స్టార్టు కాకపోతే నేల పదును మన కోసం ఆగుతుందా? 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు పట్నం వాళ్ళకు కూడా ఈ బాధ తెలిసివచ్చింది.

"బండి నడవనే లేదు గదా, బ్యాటరీ ఎట్లా అరిగింది?" ఇది మా బాపు అడిగిన ప్రశ్న. రసాయనశాస్త్రం చదువుతున్న కొడుకును కాబట్టి జవాబు చెప్పవలసిన భారం నా మీద పడింది.

ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేసిన సీసపు బ్యాటరీయే, ఎన్నో మార్పులు పొంది, నేటికీ మన ట్రాక్టర్లలో ఉన్నది. లోపల ఆరు ఘటాలు. ఒక్కొక్క ఘటం సుమారు 2.1 వోల్టులు, మొత్తం 12.6. ఒక ఫలకం సీసం, ఇంకొకటి సీసపు డయాక్సైడు, నడుమ నీళ్ళు కలిపిన గంధకామ్లం. కరెంటు వాడుకుంటున్న కొద్దీ రెండు ఫలకాల మీదా లెడ్ సల్ఫేటు పేరుకుంటుంది, ఆమ్లం పలచబడి నీరు పెరుగుతుంది. చార్జి చేస్తే ఇదంతా వెనక్కి తిరుగుతుంది. ఇంటర్మీడియట్‌లో మనమందరం బట్టీ పట్టిన సమీకరణమే ఇది. అయితే పుస్తకం అంతగా చెప్పని సంగతి ఒకటున్నది. ఏ తీగా తగిలించకపోయినా ఈ చర్య లోలోపల నెమ్మదిగా జరుగుతూనే ఉంటుంది.

మామూలు బ్యాటరీ 27 డిగ్రీల దగ్గర నెలకు నూటికి నాలుగైదు వంతుల చార్జి ఊరికే పోగొట్టుకుంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ నష్టం దాదాపు రెట్టింపు. విదేశాల పుస్తకాలు తిరగేస్తే చలికాలపు మంచులో బ్యాటరీని ఎట్లా కాపాడుకోవాలో పేజీలకు పేజీలు రాస్తారు. మన శత్రువు మంచు కాదు, రోహిణి కార్తె. జగిత్యాల వైపు 44, 45 డిగ్రీలు కాసే రోజుల్లో రేకుల షెడ్డు కింద బ్యాటరీ గతి ఏమిటో ఊహించుకోండి.

చార్జి పోవడం కన్నా పెద్ద నష్టం దాని తరువాత ఉన్నది. అప్పుడే ఏర్పడిన సల్ఫేటు మెత్తని రవ్వలాంటిది. చార్జి పెడితే కరిగిపోతుంది. నెలల తరబడి అట్లాగే వదిలితే, చెమ్మ తగిలిన యూరియా బస్తా గడ్డ కట్టినట్టు, పెద్ద స్ఫటికాలై ఫలకాన్ని పట్టుకుంటుంది. ఆ తరువాత ఎంత చార్జి పెట్టినా పూర్వపు శక్తి రాదు. ఖాళీ అయిన బ్యాటరీని ఆ నాడే చార్జి చేస్తే బతుకుతుంది, ఆరు నెలలకు చేస్తే దుకాణంవాడు తల అడ్డంగా ఊపుతాడు.

కార్లకు ఇంకొక చిక్కు. తాళం తీసినా గడియారం, అలారం, లోపలి కంప్యూటరు చుక్క చుక్కగా కరెంటు తాగుతూనే ఉంటాయి. అది 50 మిల్లీ ఆంపియర్లే అనుకుందాం. రోజుకు 1.2 ఆంపియర్ గంటలు, నెలకు 36. చిన్న కారు బ్యాటరీ మొత్తమే 35 ఆంపియర్ గంటలు! అందుచేత బండిని నెలకు మించి నిలిపేటట్టయితే ముందు బ్యాటరీని పూర్తిగా చార్జి చేయించి, తీగ విప్పి పెట్టాలి. వారానికొకసారి అయిదు నిమిషాలు స్టార్టు చేసి ఆపితే చాలునని కొందరంటారు. స్టార్టుకు ఖర్చయినది ఆ అయిదు నిమిషాల్లో తిరిగి రావచ్చునేమో గాని, వారమంతా కారిపోయినది రాదు. అరగంటైనా రోడ్డు మీద తిప్పితే కొంత మేలు.

తీగ విప్పడంలో వరుస ఉన్నది, దీన్ని మాత్రం పట్టించుకోవాలి. ముందు ఋణ ధ్రువం, అంటే మైనస్, తరువాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. ఎందుకంటే బండి ఇనుప బాడీ అంతా మైనస్‌కు కలిపి ఉంటుంది. మైనస్ ఉండగానే ప్లస్ విప్పబోతే, పానా జారి బాడీకి తగిలిందంటే వందల ఆంపియర్లు ఆ పానా గుండానే పోతాయి. చేతికి కడియమో ఉంగరమో ఉంటే అది ఎర్రగా కాలి చర్మానికి అంటుకుంటుంది.

చార్జింగులో చివరికి నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వస్తాయి. గాలిలో హైడ్రోజన్ నూటికి 4 వంతులుంటే చాలు, నిప్పురవ్వకు పేలుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. మా వాడకట్టులో ఒక కాక నోట్లో బీడీతోనే చార్జింగులో ఉన్న బ్యాటరీ మీదికి వంగి నీళ్ళెంత ఉన్నాయో చూడబోయాడు. మూతలు ఎగిరి ఆమ్లం ముఖాన పడింది. చిన్నమ్మ ఆలోచించకుండా తొట్టి దగ్గరికి లాక్కుపోయి చాలాసేపు నీళ్ళు కొట్టింది, అందుకే చూపు దక్కింది. చొక్కా మాత్రం ఉతికితే జల్లెడైంది. కంట్లో ఆమ్లం పడితే 15, 20 నిమిషాలు ధారగా మంచినీళ్ళతో కడిగి, వెంటనే దవాఖానకు పోవాలి; వేరే ఏ మందూ పోయరాదు. చార్జింగు తలుపులు తెరిచిన చోట, పొయ్యికీ పడుకునే గదికీ దూరంగా జరగాలి. ఇంకొక బండి నుంచి కరెంటు తీసుకొని స్టార్టు చేసేటప్పుడు చివరి క్లిప్పును బ్యాటరీకి కాక, దూరంగా ఇంజను ఇనుముకు పెట్టమనేది కూడా ఈ రవ్వ భయంతోనే.

మూతలున్న బ్యాటరీలో తగ్గేది నీరే కాబట్టి డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్ళలోని లవణాలు ఫలకాలను చెరుపుతాయి. ఆమ్లం పోయడం ఇంకా తప్పు. హైడ్రోమీటరు ఉంటే పూర్తి చార్జిలో విశిష్ట సాంద్రత 1.25 నుంచి 1.28 దాకా చూపాలి. లేకపోతే చవకరకం మల్టీమీటరు చాలు: కదిలించకుండా ఉంచిన బ్యాటరీ 12.6 చూపితే నిండుకుండ, 12.2 అయితే సగం, 12 అయితే ఆ రోజే చార్జికి పంపాలి. ధ్రువాల మీది తెల్లని బూజును సోడా నీళ్ళతో, లోపలికి పోకుండా, తుడిచి వాజిలీన్ రాయాలి.

సిమెంటు గచ్చు మీద పెడితే కరెంటు నేలలోకి దిగిపోతుందని మా ఊరిలో గట్టి నమ్మకం. చెక్క పెట్టెల కాలంలో అందులో కొంత నిజం ఉండేది. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెకు ఆ బాధ లేదు. అయినా మా బాపు చెక్క పలక వేయనిదే పెట్టడు, నేనూ వద్దనను. షెడ్డు గోడ మీద పాల లెక్క పక్కన, చార్జి చేసిన తేదీ సుద్దముక్కతో రాయడం మాత్రం నేను చెప్పినదే. నెలన్నరకొకసారి అంకె మారుతుంది. ఎలక్ట్రిక్ స్కూటర్ల లిథియం బ్యాటరీకి ఈ సూత్రం పనికిరాదు. దాన్ని సగం చార్జితో నిలపడమే మంచిది.

చచ్చిన బ్యాటరీని వల గుండ్లకు సీసం పనికొస్తుందని గోదావరి ఒడ్డున పగలగొట్టేవాళ్ళుంటే ఆపండి. సీసం పసిపిల్లల మెదడును చెరుపుతుంది, ఆమ్లం చేనును చెరుపుతుంది. 2022 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే. దుకాణంలో ఇస్తే కొత్తదాని బిల్లులో పాతదాని సీసం ధర తగ్గించి ఇస్తారు, బేరమాడితే ఇంకొంచెం.