షేల్ ఆయిల్ బావి: "చీప్‌గా తవ్వాం" అంటే నమ్మేయొచ్చా?

ఈరోజు ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. షేల్ ఆయిల్ మీద చేసిన పాత వీడియోలో రెండు అమెరికన్ కంపెనీల బావి ఖర్చులు పక్కపక్కన పెట్టి, "ఇదిగో, వీళ్లు తక్కువలో తవ్వుతున్నారు, వీళ్లే బెటర్" అనేశాను. అది చూసి ఆ షేర్ కొన్నానని ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు. గుండె జారిపోయింది. మళ్లీ లెక్క చూస్తే నా పోలికే తప్పు.

మన దగ్గర పొలంలో బోరు వేయించిన రైతుని "ఎంతయింది?" అని అడిగి ఊరుకోం కదా. ఎన్ని అడుగులు, కేసింగ్ ఎంత పడింది, నీళ్లు ఎన్ని ఇంచులు అని కూడా అడుగుతాం. బెంచ్‌మార్కింగ్ అంటే అదే. నేను మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాను.

టెక్సస్‌లో పర్మియన్ బేసిన్ తీసుకోండి. అక్కడ బావి నిలువుగా వేల అడుగులు దిగి, చమురున్న రాతిపొర దగ్గర అడ్డంగా తిరుగుతుంది. ఆ అడ్డం భాగాన్ని లాటరల్ అంటారు. మైలు, రెండు మైళ్లు కూడా ఉంటుంది. ఆయిల్ వచ్చేది దాన్నించే. తవ్వడం అయ్యాక కంప్లీషన్ మొదలవుతుంది. అంటే నీళ్లు, ఇసుక, కొన్ని కెమికల్స్ విపరీతమైన ప్రెషర్‌తో పంపి రాయిని పగలగొట్టడం. డ్రిల్లింగే పెద్ద ఖర్చు అనుకుంటాం గానీ, కాదు. అమెరికా ప్రభుత్వ సంస్థ ఈఐఏ 2016లో ఇచ్చిన రిపోర్ట్ ప్రకారం ఒక్కో బావికి 49 లక్షల నుంచి 83 లక్షల డాలర్లు అయ్యేది. అందులో కంప్లీషన్ వాటా 55 నుంచి 70 శాతం.

ఇప్పుడు ఒక ఊహా లెక్క. ఒక కంపెనీ బావి 70 లక్షల డాలర్లు, లాటరల్ 5,000 అడుగులు. ఇంకో కంపెనీది 90 లక్షలు, లాటరల్ 10,000 అడుగులు. మొదటిదే చీప్ అనిపిస్తుంది. అడుగుకి లెక్కేస్తే మొదటిది 1,400 డాలర్లు, రెండోది 900. నిలువు భాగం ఖర్చు ఇద్దరికీ దాదాపు ఒకటే, రెండోవాళ్లు దాన్ని ఎక్కువ అడుగుల మీద పంచుకున్నారు. నేను సరిగ్గా ఇక్కడే పప్పులో కాలేశాను.

అయితే అడుగు లెక్కలో కూడా మాయ చేయొచ్చు. ఇసుక తక్కువ పోస్తే అడుగు ఖర్చు తగ్గుతుంది, ఆయిల్ కూడా తగ్గొచ్చు. అందుకే అడుగుకి ఎన్ని పౌండ్ల ఇసుక, ఎన్ని బ్యారెళ్లు వచ్చాయి అనేవి పక్కనే చూడాలి. ఇంకోటి, కొందరు డ్రిల్లింగ్, కంప్లీషన్ మాత్రమే చెప్తారు. కొందరు పైన ట్యాంకులు, పైపులు, పంపు కూడా కలుపుతారు. ఆ సంగతి ప్రజెంటేషన్‌లో అడుగున చీమంత అక్షరాల్లో ఉంటుంది. ఫోన్‌లో జూమ్ చేస్తే గానీ కనపడదు!

అసలు చిక్కు వేరే ఉంది. అదే రిపోర్ట్ ప్రకారం 2012తో పోలిస్తే 2015లో బావి ఖర్చు 25 నుంచి 30 శాతం తగ్గింది. అందరూ తెలివి మీరిపోయారా? కొంత నిజమే, వేగం పెరిగింది. కానీ 2014 మధ్యలో 100 డాలర్లు దాటి ఉన్న బ్యారెల్ 2016 మొదట్లో 30 లోపుకి పడిపోయింది. రిగ్గులు ఖాళీ అయ్యాయి, ఉద్యోగాలు పోయాయి, సర్వీస్ కంపెనీలు రేట్లు కోసుకున్నాయి. అది డిస్కౌంట్. ఆయిల్ ధర లేస్తే రేటూ లేస్తుంది.

రెండిటినీ విడదీయాలంటే కాసేపు డాలర్లు పక్కన పెట్టండి. బావి తవ్వడానికి ఎన్ని రోజులు? రోజుకి ఎన్ని అడుగులు? రోజుకి ఎన్ని ఫ్రాక్ స్టేజీలు? ఇవి మెరుగైతే ఆ లాభం కంపెనీ సొంతం. ఇవి కదలకుండా ఖర్చు మాత్రమే పడిపోతే అది మార్కెట్ పెట్టిన భిక్ష. ఇసుకనే చూడండి. ఒకప్పుడు విస్కాన్సిన్ నుంచి రైళ్లలో టెక్సస్‌కి వచ్చేది. 2017 నుంచి పర్మియన్‌లోనే ఇసుక గనులు మొదలయ్యాయి, రవాణా మిగిలింది. ఆదా నిజమే, కానీ పక్క కంపెనీకీ దొరికింది కదా, దాన్ని గొప్పగా ఎలా లెక్కేస్తాం?

ఆ తమ్ముడికి ఇవన్నీ రాసి పంపాను. అమ్మాలా, ఉంచాలా అనేది నేను చెప్పలేదు, చెప్పను కూడా. పాత వీడియో తీసేయలేదు. కింద మొదటి కామెంట్‌లో సరిచేసిన లెక్క పెట్టాను, చూడండి.