గాలిలో కరెంటు ఎంత?

కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగరం చుట్టుపక్కల ఇంట తెలుగు, బయట తమిళం మాట్లాడుకునే మనవాళ్లందరికీ పనికివచ్చే సంగతి ఒకటి ఈరోజు చెప్పుకుందాం. రేడియో తరంగాలు రాత్రింబగళ్లు మన ఇళ్ల మీదుగా పోతూనే ఉంటాయి. వాటి నుంచి కరెంటు తీయవచ్చునా? తీయవచ్చు. మరి దానితో ఇంట్లో దీపం వెలుగుతుందా? అక్కడే లెక్క చూసుకోవాలి.

ముందు తీసే విధానం వినండి. పొడవాటి రాగి తీగను ఎత్తున కట్టామనుకోండి. తరంగం తగలగానే తీగలోని ఎలక్ట్రాన్లు ఉయ్యాలలాగా ముందుకూ వెనక్కూ ఊగుతాయి. ఆ ఊపును ఒకే దిక్కుకు మళ్లించేది డయోడు. సైకిలు ట్యూబు వాల్వు గాలిని లోపలికి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు కదా! ఇదీ అంతే. గెలీనా అనే సీసపు ఖనిజంతో రేడియో తరంగాలను పసిగట్టే సాధనానికి జగదీశ్ చంద్ర బోసు 1904లో అమెరికాలో పేటెంటు పొందారు. అటువంటి ఖనిజం అమర్చిన పాతకాలపు క్రిస్టల్ సెట్టు బ్యాటరీ లేకుండానే చెవిలో పాట వినిపించేది. ఆ పాటకు కావలసిన శక్తి అంతా తరంగం తెచ్చినదే.

ఇక లెక్క. మనకు 60 కిలోమీటర్ల దూరంలో 200 కిలోవాట్ల రేడియో స్తంభం ఉన్నదనుకుందాం. దాని శక్తి నేల మీద గొడుగు విప్పినట్టు నలువైపులా పరుచుకుంటుంది. మన దగ్గరికి వచ్చేసరికి చదరపు మీటరుకు సుమారు 9 మైక్రోవాట్లు, అంటే వాటులో పది లక్షల వంతులు తొమ్మిది. ఒక్క 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వెలగాలంటే దాదాపు 250 ఎకరాల మీద పడే తరంగాలను ఏమాత్రం పోనీయకుండా పట్టాలి. అదే మిట్టమధ్యాహ్నపు ఎండయితే చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు ఇస్తుంది.

అయితే ఈ విద్య వృథా కాదు. విరుదునగరం నుంచి సాత్తూరు పోయే దారిలో ఎట్టూర్‌వట్టం టోల్‌గేటు ఉంది. కారు అద్దానికి అంటించిన ఫాస్టాగ్‌లో బ్యాటరీ ఉండదు. గేటు పైనున్న యంత్రం పంపే రేడియో తరంగాల నుంచే అది శక్తి తీసుకొని తన నంబరు చెబుతుంది. అవి దారినపోయే తరంగాలు కావు, దాని కోసమే కొన్ని మీటర్ల దూరం నుంచి పంపినవి. పనీ చిన్నదే. అందుకే అక్కడ సాగింది.

కనుక, ఇల్లంతటికీ గాలిలోంచి కరెంటు తీసే పెట్టె అంటూ ఎవరైనా అమ్మజూపితే, డబ్బు తీయకముందు ఎన్ని వాట్లు ఇస్తుందని అడగండి. దీపం వెలిగించి చూపితే, లోపల బ్యాటరీ దాచారేమో తెరిపించి చూడండి. ఆ డబ్బు సోలారు పలకకు పెడితే మన ఎండ ఊరకే పోదు.

పిల్లలు క్రిస్టల్ సెట్టు చేస్తామంటే చేయనివ్వండి. దగ్గరలో మీడియంవేవు స్టేషను పనిచేస్తూ ఉంటే వినబడుతుంది. కాని ఏరియల్ తీగను కరెంటు తీగల దరిదాపులకు పోనీయకండి. ఉరుము వినబడితే దాన్ని ముట్టుకోనీయకండి.