నీటి జాడ తీగలు: తయారీ, పరీక్ష
బోరు వేసే ముందు వేపపుల్లతోనో, వంచిన తీగలతోనో నీటి జాడ చూడటం మన గ్రామాల్లో పరిపాటి. ఈ పద్ధతిని మీరే పరీక్షించవచ్చు.

తయారీ: 50 సెం.మీ. పొడవున్న రెండు ఇనుప తీగలను 15 సెం.మీ. వద్ద లంబకోణంలో వంచండి. పొట్టి భాగాలను పిడికిళ్లలో వదులుగా, నిలువుగా పట్టుకోండి. మణికట్టు కాస్త వంగినా పొడవు భాగాలు పక్కకు తిరుగుతాయి. నీరుందన్న ఊహే మనకు తెలియకుండా కండరాలను కదిలిస్తుంది. 1852లో విలియం కార్పెంటర్ ఈ చర్యను వివరించాడు.

పరీక్ష: మూతపెట్టిన ఐదు బిందెల్లో ఒకదానిలోనే నీళ్లుండాలి. ఏ బిందె అనేది చీటీ తీసి నిర్ణయించి, నీళ్లు పోసిన వ్యక్తి అక్కడ ఉండరాదు. 20 ప్రయత్నాల్లో గుడ్డి ఊహకే సగటున 4 సరిపోతాయి. తీగల ఫలితాన్ని దీనితో పోల్చండి. అప్పు చేసి బోరు వేసే రైతుకు ఈ పోలికే ముఖ్యం.