ఆ గాయములను ఎవరు చూశారు?



కొన్ని నెలల క్రితము ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత ఒక తల్లి మా దగ్గరకు వచ్చి, కొంగులో దాచి తెచ్చిన సెల్ ఫోను మా చేతిలో పెట్టింది. "అయ్యగారూ, మా పిల్లోడు రాత్రుళ్ళు దుప్పటి కప్పుకొని ఇందులో పాడు బొమ్మలు చూస్తన్నాడండి. మీరే వాడికి ఏదో ఒకటి చెప్పండి" అని కన్నీరు పెట్టుకుంది. పదిహేడేండ్ల ఆ అబ్బాయి మందిరపు గుమ్మము దగ్గర తలవంచుకొని నిలబడ్డాడు. ఆ రోజు మేము అతనికి ప్రసంగము చేయలేదు. కూర్చోబెట్టి ఒక స్త్రీ కథ చెప్పాము. దానినే మీకును చెప్పదలచాము.

ఇటువంటి సంగతి సంఘ పత్రికలో ఎందుకని పెద్దలు అనుకోవచ్చు. అది మన ఇండ్లలోనికి రాకపోయి ఉంటే మేమూ వ్రాసేవారము కాము.

పోలీసు అధికారి కుమార్తె

లిండా బోర్మన్ 1949 జనవరి 10న అమెరికాలోని న్యూయార్కు నగరములో జన్మించింది. తండ్రి పోలీసు ఉద్యోగి. కుటుంబము కేథలిక్కు కుటుంబము. ఆమె చదివినవి కూడా కేథలిక్కు పాఠశాలలే. మగపిల్లలను దగ్గరకు రానీయదని తోటివారు ఆమెను ఎగతాళి చేసేవారు. ఇరువది ఏండ్ల ప్రాయములో కనిన బిడ్డను దత్తతకు ఇచ్చివేయవలసి వచ్చింది. ఆ తరువాత కారు ప్రమాదములో తీవ్రముగా గాయపడి, ఫ్లోరిడాలోని తల్లిదండ్రుల ఇంట కోలుకుంటూ ఉండగా చక్ ట్రేనర్ అనువానితో పరిచయమైంది. ఇంట్లో కఠినముగా పెరిగిన పిల్లకు అతని మంచిమాటలు విడుదలగా తోచాయి. అతడే తరువాత ఆమెకు భర్త అయ్యాడు.

1972లో ఒక అశ్లీల చిత్రములో ఆమె "లిండా లవ్‌లేస్" అను పేరుతో నటించింది. ఆ చిత్రము పేరు ఈ పత్రికలో వ్రాయుట మాకు ఇష్టము లేదు. సుమారు 25,000 డాలర్లతో తీసిన ఆ చిత్రము దానికి ఎన్నో రెట్లు సంపాదించింది. చదువుకున్నవారు, పేరుగలవారు, భార్యాభర్తలు కూడా వరుసలో నిలబడి టిక్కెట్టు కొన్నారు. 1973లో న్యూయార్కు న్యాయమూర్తి ఒకరు అది అశ్లీలమని తీర్పు చెప్పినా దాని ప్రఖ్యాతి తగ్గలేదు. ఆమెకు ముట్టవలసినది 1,250 డాలర్లు. దానిని కూడా భర్తే తీసుకున్నాడని ఆమె తరువాత చెప్పింది.

ఆమె చెప్పిన సాక్ష్యము

1974లో ట్రేనర్‌తో విడాకులయ్యాయి. తరువాత ఆమె లారీ మార్షియానో అను వ్యక్తిని వివాహమాడి, ఇద్దరు బిడ్డలను కని, కలిమి లేని సామాన్య గృహిణిగా జీవించింది. 1980లో తన గతమును పుస్తకముగా ప్రచురించింది. ట్రేనర్ తనను కొట్టాడని, తుపాకి చూపి బెదిరించాడని, వ్యభిచారము చేయించాడని, ఆ చిత్రములో తన ఇష్టముతో నటించలేదని అందులో తెలిపింది. ఆ చిత్రము చూచువారు తన మీద జరిగిన బలాత్కారమును చూస్తున్నారని ఆమె భావము. 1986లో అశ్లీల సాహిత్యముపై అమెరికా ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము ఎదుట కూడా సాక్ష్యమిచ్చింది.

ఆమె మాటను అందరూ నమ్మలేదు. ట్రేనర్ బలవంతము చేయలేదన్నాడు. చిత్రములో పనిచేసిన కొందరు ఆమె ఇష్టపడే వచ్చిందన్నారు. మేము వారికి న్యాయాధిపతులము కాము. అయితే ఒక్క సంగతి మమ్మును వెంటాడుతున్నది. ఆమె కాళ్ళ మీద కమిలిన మచ్చలు ఆ చిత్రములోనే కనబడుతున్నాయి. వేలు, లక్షలుగా జనులు ఆమె శరీరమును చూశారు. ఆ మచ్చలు ఎక్కడివని అడిగినవారెందరు?

చివరి దినములు

కారు ప్రమాదమప్పుడు ఎక్కించిన రక్తము వలన ఆమెకు హెపటైటిస్ సి సోకింది. 1987లో కాలేయ మార్పిడి జరిగింది. 1996లో రెండవ వివాహము కూడా విడిపోయింది. ఆ పరిశ్రమకు వ్యతిరేకముగా పోరాడిన ఆమె 2001లో మరల ఒక పత్రికకు ఫోటోలు దిగింది. దీనిని దాచి ఆమెను పరిశుద్ధురాలిగా చూపించుట సత్యము కాదు. పాత పేరు ఆమెను విడువలేదు. 2002 ఏప్రిల్ 3న కొలరాడోలో మరొక కారు ప్రమాదమునకు గురై, 22న 53వ ఏట కన్నుమూసింది. విడిపోయిన భర్త, బిడ్డలు ఆ సమయములో ఆమె ప్రక్కనే ఉన్నారు.

అబ్బాయి అడిగిన ప్రశ్న

ఈ కథ విని ఆ అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "అయ్యగారూ, నేను చూసినోళ్ళు కూడా అట్లాంటోళ్ళేనా?" అని అడిగాడు.

"మాకు తెలియదు బాబూ. నీకూ తెలియదు. ఇష్టపడి వచ్చిందో, ఎవరైనా కొట్టి తెచ్చారో తెలియకుండానే నీవు చూస్తున్నావు. ఆమె ఎవరికో చెల్లెలు" అన్నాము.

అతనిని మందలించుటకు మాకు నోరు రాలేదు. మేము చదువుకునే రోజులలో టౌనులో మార్నింగ్ షో పోస్టర్ల ముందు సైకిలు ఆపి చూసినవారమే. ఆ సంగతి కూడా అతనితో చెప్పాము.

కొండమీది ప్రసంగములో ప్రభువు మోహపు చూపును గూర్చి మాట్లాడినప్పుడు స్త్రీ ముసుగును గూర్చి చెప్పలేదు, చూచువాని కన్ను గూర్చి చెప్పాడు. యోహాను సువార్త 8వ అధ్యాయములో స్త్రీని పట్టి తెచ్చినవారు పురుషుని తేలేదు. నేటికిని అంతే. నటించినదానికి నింద, చూచినవానికి చీకటి చాటు. ఆనాడు రాళ్ళు విడిచి మొదట వెళ్ళినవారు పెద్దలే అని మనము మరువకూడదు.

తల్లిదండ్రులారా, పిల్లవాడు దొరికిపోతే కొట్టకండి, పదిమందిలో సిగ్గుపరచకండి. రాత్రి పడుకునేటప్పుడు ఇంటిలోని ఫోనులన్నీ ఒకేచోట పెట్టండి, మీ ఫోనుతో సహా. సినిమాలో వేషమని, పట్టణములో ఉద్యోగమని మీ అమ్మాయిని పిలుచువానిని ఊరు, పేరు, చిరునామా విచారించకుండా నమ్మవద్దు. ఎవరైనా ఫోటోలు, వీడియోలు పెట్టుకొని ఆడపిల్లను బెదిరిస్తే పరువని దాచకండి. స్త్రీలకు 181, పిల్లలకు 1098 నంబర్లు ఉన్నాయి. అశ్లీల దృశ్యములను ఫోనులలో పంపుట సమాచార సాంకేతిక చట్టము ప్రకారము నేరము.

సంఘ పెద్దలారా, మీకొక మాట. రేపు అటువంటి జీవితము విడిచి ఒక సహోదరి మన మందిరమునకు వస్తే, చాప మీద ఆమె ప్రక్కన కూర్చునే స్త్రీ ఉంటుందా? లేక వెనుక వరుసలో గుసగుసలే ఉంటాయా? ప్రభువు ఆమెకు క్షమాపణ ఇచ్చును గాని, చాప మీద చోటు మనమే ఇవ్వాలి.

ఆ అబ్బాయి ఇప్పుడు ఆదివారము ఉదయమే వచ్చి మందిరము ఊడ్చి చాపలు పరుస్తున్నాడు. పూర్తిగా మారాడా అని అతని తల్లి అడిగినప్పుడు, "అతని కొరకు ప్రార్థించమ్మా, మా కొరకు కూడా" అని చెప్పాము.