విహారయాత్ర ఫోటోలు: ఏరడం, దిద్దడం

డిసెంబరులో మన హాస్టల్ పిల్లలు 62 మంది నాగార్జునసాగర్ వెళ్లొచ్చారు. డ్యాం, లాంచీలో నాగార్జునకొండ, తిరుగుదారిలో ఎత్తిపోతల. సార్ల ఫోన్లు నాలుగు, వార్డెన్ గారి కెమెరా ఒకటి, అన్నీ కలిసి 1,640 ఫోటోలు. ఈ సంచికలో చోటున్నది 24 ఫోటోలకు! ఏరే పని పాత విద్యార్థులమని మా ముగ్గురికి అప్పగించారు. వచ్చే ఏడు ఇది మీలో ఎవరి మీదో పడుతుంది కనుక మేము చేసిన తీరు, చేసిన తప్పు రెండూ రాస్తున్నాం.

మొదటి చిక్కు ఫోటోలు తెప్పించుకోవడంలోనే వచ్చింది. అందరూ వాట్సాప్‌లో పంపారు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోను కుదించేస్తుంది. ఫోన్‌లో తేడా తెలియదు గానీ అచ్చులో ముఖాలు మసకబారతాయి. పైగా ప్రతి ఫోటో ఫైలులోనూ తీసిన తేదీ, సమయం దాగి ఉంటాయి. దీన్ని ఎగ్జిఫ్ సమాచారం అంటారు. కుదింపులో అదీ పోతుంది. అందుకని మళ్లీ అందరినీ బతిమాలి కేబుల్‌తో కాపీ చేసుకున్నాం. కేబుల్ కుదరకపోతే వాట్సాప్‌లోనే 'డాక్యుమెంట్'గా పంపమనండి, అసలు ఫైలే వస్తుంది.

ఆ ఫోల్డరును ఉన్నదున్నట్టు ఒక పెన్‌డ్రైవ్‌లో దాచి, రెండో కాపీ మీద పని మొదలుపెట్టాం. జేపీజీ ఫోటోను దిద్ది సేవ్ చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. అసలుది ముట్టుకోకూడదు.

మా సీనియర్లు ఈ పనికి పికాసా వాడేవారు. 2016లో గూగుల్ దాన్ని ఆపేసింది. మేము డిజికామ్ వాడాం, ఉచితమే. సమయం ప్రకారం వరుస పెట్టమంటే ఎత్తిపోతల ముందు, బస్సెక్కడం తర్వాత వచ్చాయి! వార్డెన్ గారి కెమెరాలో గడియారం తప్పు. దారిలో బస్సు టైరు పంక్చరైతే అందరూ ఫోటో తీశారు. ఆ ఫోటోల్లో ఫోన్ సమయానికీ కెమెరా సమయానికీ తేడా చూసి, కెమెరా ఫోటోలన్నిటికీ ఒకేసారి సవరించాం. పంక్చరు అలా పనికొచ్చింది.

తర్వాత ఏరివేత. మొదటి విడత మసకవి, వేలు అడ్డొచ్చినవి తీసేశాం. రెండో విడత ఒకే దృశ్యానికి ఒకటే ఉంచాం. గ్రూపు ఫోటోను పెద్దది చేసి కళ్లు మూసినవాళ్లెవరో చూడాలి. చివరికి 24 మిగిలాయి. చాలా బాగున్నాయనుకున్నాం. పేజీలు ప్రింటు తీసి హాల్లో పెట్టాం.

ఆరో తరగతి తమ్ముడొకడు ఆ పేజీలన్నీ రెండుసార్లు తిరగేసి, "అన్నా, నేను కూడా వచ్చాను కదా?" అన్నాడు.

అప్పుడు గానీ హాజరు పట్టీ ముందేసుకోలేదు. పేర్లకు టిక్కులు పెడితే పదకొండు మంది ఎక్కడా లేరు. వంటాయన, కామాటి సరేసరి. మన ఇళ్లలో ఫోటోలు ఎన్ని ఉంటాయో మనకు తెలుసు. మాలో ఒకరికి పదో తరగతి హాల్‌టికెట్ కోసం దిగిందే మొదటి ఫోటో. అయినా మాకు ఈ సంగతి తట్టలేదు. ఆ తమ్ముడిది ఒకే ఒక్క ఫోటో ఉంది, లాంచీ కిటికీ పక్కన. మసకగా ఉందని మొదటి విడతలోనే తీసేశాం. పెన్‌డ్రైవ్ ఉండబట్టి దొరికింది. డ్యాం ఫోటోలు ఆరు తగ్గించి మళ్లీ ఏరాం. మీరు పట్టీతోనే మొదలుపెట్టండి.

దిద్దడం తక్కువే. వంకరగా ఉన్న నీటి అంచు సరిచేయడం, అక్కర్లేనిది కత్తిరించడం, ఎదురెండలో నల్లబడ్డ ముఖాలకు కాస్త వెలుగు పెంచడం. ఒకే వెలుతురులో తీసినవాటికి ఒకేసారి చేయొచ్చు, అన్నిటికీ కలిపి చేస్తే పాడవుతాయి. ముఖాలను తెల్లగా చేసే ఫిల్టర్లు మాత్రం వాడలేదు. మన రంగు దిద్దాల్సిన తప్పేమీ కాదు.

అచ్చుకు అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండాలి. అంటే 6×4 అంగుళాల ఫోటోకు 1800×1200. లాంచీ కిటికీ ఫోటో కత్తిరించాక అంత రాలేదు, అందుకే 17వ పేజీలో చిన్నగా వేశాం. పెన్‌డ్రైవ్ ఆఫీసు బీరువాలో ఉంది. ఎవరి ఫోటో వాళ్లు అడిగి కాపీ చేసుకోవచ్చు.